గ్రహశకలాలు వెతికే పిల్లలకు, వారి ఉపాధ్యాయులకు: పేర్లు ఇప్పుడే సిద్ధం చేయండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల సైన్స్ ఉపాధ్యాయులకు నమస్కారాలు. సూర్యుడి చుట్టూ తిరిగే రాతి ముక్కలైన గ్రహశకలాల అన్వేషణలో పాల్గొంటున్న విద్యార్థులకు ఆశీస్సులు.

హవాయి దీవుల్లో ఒక కొండ మీద ఉన్న పాన్‌స్టార్స్ టెలిస్కోపు రాత్రంతా తీసిన ఫొటోలు ఇవాళ మన ఊళ్ల బడుల్లోని కంప్యూటర్లకు చేరుతున్నాయి. అంతర్జాతీయ గ్రహశకల అన్వేషణ కార్యక్రమంలో చేరిన విద్యార్థుల జట్లు ఆ ఫొటోలను ఒకదాని తరువాత ఒకటి తిప్పి చూస్తూ, నిలిచి ఉన్న నక్షత్రాల మధ్య జరుగుతున్న చిన్న చుక్క కోసం వెతుకుతున్నాయి. చాలా చుక్కలు అంతకు ముందే తెలిసినవిగా తేలతాయి. కొన్ని కెమెరాలోని లోపాలు. ఎప్పుడో ఒకసారి నిజంగా కొత్తది దొరుకుతుంది. దాని కక్ష్య ఖాయమై, దానికి నంబరు పడిన రోజున, పేరు ప్రతిపాదించే హక్కు దాన్ని పట్టుకున్న పిల్లలకు వస్తుంది.

ఆ హక్కు గురించే ఈ లేఖ. ఆ రోజు వచ్చాక హడావిడిగా ఏదో ఒక పేరు రాసి పంపేయకండి. నియమాలకు నిలిచే తెలుగు పేర్లను, వాటి వెనుక ఉన్న కథలను, ఇప్పటి నుంచే మీ బడిలో ఒక పుస్తకంలో రాసి ఉంచండి. నా విన్నపం ఇంతే. ఎందుకు అడుగుతున్నానో కాస్త వివరంగా చెప్పాలి.

మన ఇళ్లలో బిడ్డ పుట్టిన పదకొండో రోజునో ఇరవై ఒకటో రోజునో బారసాల చేసి పేరు పెడతాం. గ్రహశకలానికి ఆ రోజు రావడానికి ఏళ్లు పడుతుంది. ముందు దానికి ఒక తాత్కాలిక గుర్తు ఇస్తారు. 2025 మొదట్లో పత్రికలన్నీ రాసిన 2024 వైఆర్4 మీకు గుర్తుండే ఉంటుంది. 2032 డిసెంబరు 22న అది భూమిని ఢీకొనే అవకాశం కొద్దిరోజులు మూడు శాతం దాటి, తరువాతి పరిశీలనలతో దాదాపు సున్నాకు దిగిపోయింది. ఆ గుర్తులో మొదటిది సంవత్సరం. తరువాతి అక్షరం పక్షాన్ని చెబుతుంది. జనవరి మొదటి పదిహేను రోజులకు ఎ, మిగతా సగానికి బి, ఇలా నెలకు రెండు అక్షరాలు. ఐ అక్షరం ఒకటి అంకెలా కనిపిస్తుంది కనుక దాన్ని వదిలేస్తారు. ఆ లెక్కన వై అంటే డిసెంబరు రెండో సగం. రెండో అక్షరం ఆ పక్షంలో అది ఎన్నోదో చెబుతుంది. అక్కడ ఐ పోగా 25 అక్షరాలు మిగులుతాయి కాబట్టి, పాతికా అయిపోయాక మళ్లీ ఎ నుంచి మొదలుపెట్టి, ఎన్ని చుట్లు తిరిగిందో చివర అంకె వేస్తారు. ఆర్ పదిహేడో అక్షరం. నాలుగు పాతికలు, పదిహేడు కలిపితే నూట పదిహేడు. అంటే 2024 డిసెంబరు రెండో సగంలో నమోదైన నూట పదిహేడో చుక్క అది. ఈ లెక్కను ఏడో తరగతి పిల్లలకు చెప్పి చూడండి, క్షణాల్లో పట్టేస్తారు.

ఒక్క రాత్రి చూసి వదిలేస్తే ఆవిష్కరణ కాదు. రెండో రాత్రి కూడా అదే చుక్కను చూసి నివేదించిన వారికే ఇప్పటి నియమాల ప్రకారం ఆ ఘనత దక్కుతుంది. ఆ తరువాత అది సూర్యుడి చుట్టూ తిరుగుతూ మళ్లీ మళ్లీ మనకు అనువైన చోటికి రావాలి. సాధారణంగా అలాంటి నాలుగు సందర్భాల్లో పరిశీలనలు జరిగి, ఇక అది ఎటూ తప్పిపోదన్న నమ్మకం కుదిరాక, అమెరికాలోని కేంబ్రిడ్జిలో ఉన్న మైనర్ ప్లానెట్ సెంటర్ దానికి శాశ్వత నంబరు ఇస్తుంది. నంబర్లు వరుసగా పడతాయి, కోరుకుంటే వచ్చేవి కావు. గణిత శాస్త్రవేత్త రామానుజన్ అభిమానులు, ఆయనతో ముడిపడిన సంఖ్య కనుక, 1729వ గ్రహశకలం ఆయన పేరున ఉంటే ఎంత బాగుండేదో అనుకుంటారు. ఆ నంబరు బెరిల్ అనే గ్రహశకలానికి ఎప్పుడో పడిపోయింది. రామానుజన్‌ది 4130.

నంబరు పడిన నాటి నుంచి పదేళ్ల పాటు పేరు ప్రతిపాదించే హక్కు కనిపెట్టిన వారిదే. ప్రతిపాదన అంతర్జాతీయ ఖగోళ సమాఖ్యలోని ఒక సంఘానికి వెళుతుంది. వివిధ దేశాల ఖగోళ శాస్త్రవేత్తలు అందులో ఉండి ఒక్కో పేరును పరిశీలిస్తారు. రోమన్ లిపిలో రాసినప్పుడు ఖాళీలతో కలిపి 16 అక్షరాలకు మించకూడదు. ఒకే మాటగా ఉంటే మంచిది. ఏదో ఒక భాషలో పలకగలిగేలా ఉండాలి. ఎవరినీ నొప్పించకూడదు. అప్పటికే మరో గ్రహశకలానికో సహజ ఉపగ్రహానికో ఉన్న పేరుకు మరీ దగ్గరగా ఉండకూడదు. వ్యాపార ప్రకటనలా ఉన్న పేరు కుదరదు. పెంపుడు జంతువుల పేర్లు వద్దని కోరతారు. 1971లో తాను కనిపెట్టిన 2309వ గ్రహశకలానికి ఒక శాస్త్రవేత్త తరువాతి కాలంలో తన పిల్లి పేరు పెట్టాక వచ్చిన అభ్యంతరాల ఫలితం అది. ఇక రాజకీయాల వల్ల, యుద్ధాల వల్ల పేరొందిన మనుషుల పేర్లు, సంఘటనల పేర్లు పెట్టాలంటే ఆ మనిషి చనిపోయి, లేదా ఆ సంఘటన జరిగి, నూరేళ్లు గడవాలి. ఈ ఆఖరి నియమం నాకు అన్నిటికంటే నచ్చుతుంది. దాని గురించి మళ్లీ చెబుతాను.

పేరుతో పాటు నాలుగు వాక్యాలు రాసి పంపాలి. ఎవరి పేరు, ఎందుకు అన్నది అందులో ఉండాలి. పేరు ఆమోదం పొందితే ఆ వాక్యాలు అధికారిక పత్రంలో అచ్చవుతాయి. 2021 నుంచి ఇందుకోసం ప్రత్యేకంగా ఒక బులెటిన్ వస్తోంది. వందేళ్ల తరువాత ఎవరైనా ఆ పేరు ఏమిటని వెతికితే వాళ్లకు దొరికేవి ఆ నాలుగు వాక్యాలే. అందుకే పేరు ఎంచుకోవడం ఎంత ముఖ్యమో, ఆ వాక్యాలు రాయడం అంతే ముఖ్యం. మన పిల్లలు దీన్ని భాషా పాఠంగా కూడా నేర్చుకోవచ్చు. సైన్స్ మాస్టారు, తెలుగు మాస్టారు కలిసి కూర్చుని చేయించాల్సిన పని ఇది.

ఈ వ్యవహారం మనకు పరాయిది కాదని పిల్లలకు చెప్పండి. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలో, మద్రాసు నక్షత్రశాలకు, అంటే ఆకాశాన్ని పరిశీలించే వేధశాలకు, 1861లో నార్మన్ పాగ్సన్ అనే ఇంగ్లీషు ఖగోళ శాస్త్రవేత్త వచ్చాడు. నక్షత్రాల వెలుగును కొలవడానికి ఇవాళ ప్రపంచమంతా వాడే కొలమానాన్ని స్థిరపరచింది ఆయనే. వచ్చిన కొద్ది నెలల్లోనే, ఏప్రిల్ 17న, ఒక గ్రహశకలాన్ని కనిపెట్టాడు. ఆసియా ఖండం నుంచి కనిపెట్టిన తొలి గ్రహశకలం కాబట్టి దానికి ఆసియా అనే పెట్టాడు. దాని నంబరు 67. ఆ తరువాత మద్రాసు నుంచే 80 సాఫో, 87 సిల్వియా, 107 కమిల్లా, 245 వెరా వచ్చాయి.

వీటిలో సిల్వియా కథ పిల్లలకు తప్పక చెప్పాలి. 1866లో మద్రాసులో ఆ పేరు పెట్టినప్పుడు అది ఆకాశంలో ఒక చుక్క మాత్రమే. 2005 నాటికి దాని చుట్టూ రెండు చిన్న చందమామలు తిరుగుతున్నాయని తేలింది. ఒక గ్రహశకలానికి రెండు ఉపగ్రహాలు ఉన్నట్టు తెలియడం అదే మొదలు. వాటికి పేర్లు వెతుక్కోవలసిన పని పడలేదు. రోమన్ పురాణాల్లో రియా సిల్వియా కవల పిల్లలు రోములస్, రెమస్. ఆ పేర్లే పెట్టారు. అంతకు దాదాపు నూట నలభై ఏళ్ల ముందు మద్రాసులో కూర్చుని ఒకాయన ఎంచుకున్న పేరు, ఆయన ఊహించను కూడా లేని రెండు లోకాల పేర్లను నిర్ణయించింది.

అదే నక్షత్రశాలలో పాగ్సన్ దగ్గర చింతామణి రఘునాథాచారి పనిచేశాడు. ఆర్ రెటిక్యులై అనే చర నక్షత్రాన్ని, అంటే వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండే నక్షత్రాన్ని, కనిపెట్టిన ఘనత ఆయనది. లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి ఎన్నికైన తొలి భారతీయుడు. 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటినప్పుడు, అది గ్రహణాల వంటి లెక్కకు అందే సంఘటనే తప్ప అరిష్టం కాదని జనానికి చెప్పడానికి భారతీయ భాషల్లో చిన్న పుస్తకాలు వేయించాడు. పాగ్సన్ పేరు మీద ఒక గ్రహశకలం ఉంది, 1830 పాగ్సన్. ఆయన కూతురు ఇసిస్ కూడా అదే నక్షత్రశాలలో ఏళ్ల తరబడి పనిచేసింది. ఆమె పేరుతో ముడిపడిన 42 ఇసిస్ ఉంది. రఘునాథాచారి పేరు కూడా వాళ్ల సరసన ఉండాలని నా కోరిక. రోమన్ లిపిలో రాస్తే పదిహేను అక్షరాలు, నియమంలో సరిగ్గా పడుతుంది.

పాగ్సన్ వెరాను కనిపెట్టింది 1885లో. ఆ తరువాత నూరేళ్లకు పైగా ఈ నేల మీద నుంచి మరొక్క గ్రహశకలం రాలేదు. 1988 ఫిబ్రవరి 17న తమిళనాడులోని జవ్వాది కొండల్లో ఉన్న కావలూరు నక్షత్రశాల నుంచి రాజమోహన్ బృందం ఒకదాన్ని పట్టుకుంది. దానికి రామానుజన్ పేరు పెట్టారు. దాన్ని పట్టుకునే నాటికి ఆయన శతజయంతి జరిగి కొద్ది నెలలే అయింది. నూరేళ్ల విరామం తరువాత చేతికొచ్చిన మొదటి అవకాశాన్ని వాళ్లు ఎవరికి ఇచ్చారో చూడండి. చదువు మధ్యలో ఆగిపోయి, మద్రాసు ఓడరేవు కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసిన లెక్కల మనిషికి. ఆ ఎంపికలో ఉన్న వివేకం మన పిల్లలకు అలవాటు కావాలి.

కావలూరు నక్షత్రశాల ఇవాళ వేణు బప్పు పేరు మీద ఉంది. ఆయన కుటుంబానిది కేరళలోని తలశ్శేరి, కానీ పెరిగింది హైదరాబాదులో. తండ్రి నిజామియా నక్షత్రశాలలో ఉద్యోగి. కొడుకు అక్కడి టెలిస్కోపుల మధ్యే పెరిగి, నిజాం కాలేజీలో చదువుకుని, హార్వర్డ్ వెళ్లి, 1949లో ఒక తోకచుక్కను కనిపెట్టాడు. 1979లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్యకు అధ్యక్షుడయ్యాడు. ఆకాశంలో పేర్లకు ఆమోదముద్ర వేసే సంస్థ అదే. దాని పెద్దగా కూర్చున్న తొలి భారతీయుడు మన హైదరాబాదు వీధుల్లో తిరిగిన కుర్రాడు. అదే 1979లో చిలీలోని లా సియా నుంచి రిచర్డ్ వెస్ట్ కనిపెట్టిన ఒక గ్రహశకలం 2596 వేణు బప్పు. బేగంపేటలోని ఈ నిజామియా నక్షత్రశాల గురించి, అక్కడ ఓపికగా కొలిచిన లక్షల నక్షత్రాల స్థానాల గురించి మన పాఠ్యపుస్తకాల్లో ఇంకా చాలా రాయాలి. ఇప్పటికి నిజామియా, రంగాపూర్ అనే రెండు పేర్లను జాబితాలో చేర్చండి. రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపు పెట్టారు, 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడి నుంచి పరిశీలించారు. ఒక పల్లెటూరి పేరు ఆకాశానికి ఎక్కడానికి అంతకన్నా పెద్ద అర్హత అక్కర్లేదు.

ఇప్పుడు ఆ నూరేళ్ల నియమం సంగతి. అధికారంలో ఉన్నవాళ్ల పేర్లు ఆకాశానికి పెట్టాలన్న ఆరాటం కొత్తది కాదు. 1801 జనవరి 1న సిసిలీలోని పలెర్మోలో పియాజీ మొట్టమొదటి గ్రహశకలాన్ని కనిపెట్టి, సిసిలీని కాపాడే ధాన్యదేవత పేరుకు తమ రాజు ఫెర్డినాండ్ పేరు తగిలించాడు. సెరెస్ ఫెర్డినాండియా అన్నాడు. మిగతా దేశాల వాళ్లు రాజును ఒప్పుకోలేదు. దేవత మిగిలింది, రాజు రాలిపోయాడు. 1850లో లండన్‌లో జాన్ హిండ్ పన్నెండో గ్రహశకలానికి విక్టోరియా అని పెట్టాడు. అది తమ రాణి పేరు కాదు, రోమన్ల విజయదేవత పేరు అని వాదించాడు. అమెరికన్లు చాలాకాలం ఆ పేరు వాడకుండా క్లయో అని రాసుకున్నారు. 1885లో వియన్నాలోని యోహాన్ పలీజా, సూర్యగ్రహణం చూడటానికి వెళ్లేందుకు డబ్బు కావలసి, తన గ్రహశకలానికి పేరు పెట్టే హక్కును 50 పౌండ్లకు అమ్ముతానని ప్రకటన వేశాడు. రోత్‌షీల్డ్ కుటుంబానికి చెందిన ఒక కోటీశ్వరుడు కొని భార్య పేరు పెట్టాడు. 250 బెటీనా అలా వచ్చింది. పలీజా మంచి పరిశీలకుడే. తన కళ్లతో చూసి వందకు పైగా గ్రహశకలాలు కనిపెట్టినవాడు. అయినా అది జరగకుండా ఉండవలసింది. ఇప్పుడు ఆ దారి మూసేశారు, పేర్లు అమ్మకానికి లేవు. పుట్టినరోజు కానుకగా నక్షత్రానికి మీ పిల్లల పేరు పెడతామని సొమ్ము తీసుకుని ధ్రువపత్రాలు ఇచ్చేవాళ్లకు అంతర్జాతీయ ఖగోళ సమాఖ్యతో సంబంధమే లేదు. తల్లిదండ్రుల సమావేశాల్లో ఈ మాట గట్టిగా చెప్పండి.

మన దగ్గర పథకాలకు, ప్రాజెక్టులకు, కూడళ్లకు నాయకుల పేర్లు పెట్టడం, ప్రభుత్వం మారితే తీసేయడం ఎంత మామూలైందో చెప్పనక్కర్లేదు. గ్రహశకలాల దగ్గర ఆ ఒత్తిడి మీ బడి మీద రావచ్చు. స్థానిక నాయకుడు వచ్చి మా నాయకుడి పేరు పెట్టించండి అనవచ్చు. అప్పుడు నియమం చూపించండి. పొట్టి శ్రీరాములు 1952లో కన్నుమూశారు. ఆయన పేరు ప్రతిపాదించాలంటే 2052 దాకా ఆగాలి. కొమురం భీమ్ 1940లో అమరుడయ్యాడు కాబట్టి 2040 దాకా. ఎన్టీ రామారావు పేరు ఆయన రాజకీయ జీవితాన్ని బట్టి చూస్తే 2096 దాకా ఆగాలి. అల్లూరి సీతారామరాజును 1924 మే 7న కాల్చి చంపారు. ఆయనకు నూరేళ్లు 2024లోనే నిండాయి. అంటే అల్లూరి పేరు ఇవాళ ప్రతిపాదించవచ్చు. పూర్తి పేరు రోమన్ లిపిలో పదహారు దాటుతుంది, కనుక అల్లూరి చాలు. మన్యం కొండల్లో చదువుతున్న పిల్లల జట్టు ఏదైనా ఈ పని చేస్తే ఎంత సంతోషిస్తానో మాటల్లో చెప్పలేను.

కాకతీయుల రాణి విషయంలో మరో మెలిక ఉంది. రుద్రమ అని పెడితే, ఇప్పటికే 2629 రుద్ర అనే గ్రహశకలం ఉంది కాబట్టి, మరీ దగ్గరగా ఉందని తిప్పి పంపవచ్చు. రుద్రమదేవి అని రాస్తే ఆ చిక్కు తప్పవచ్చు. ఇలాంటివి ముందే చూసుకోవాలి. ఉన్న పేర్లన్నీ మైనర్ ప్లానెట్ సెంటర్ జాబితాలో ఎవరైనా వెతుక్కోవచ్చు. పేరు ఎంచుకున్నాక చేయాల్సిన మొదటి పని అదే.

చిన్న భాషలు, దూరపు జాతులు ఈ అవకాశాన్ని ఎలా వాడుకున్నాయో చూస్తే నాకు ధైర్యం వస్తుంది. 1928లో ఝాంగ్ యూజె అనే చైనా విద్యార్థి అమెరికాలోని యెర్క్స్ నక్షత్రశాల నుంచి ఒక గ్రహశకలం కనిపెట్టి తన దేశం పేరు, చైనా అని పెట్టాడు. అది తప్పిపోయింది, ఎంత వెతికినా దొరకలేదు. 1957లో చైనాలోనే కనిపెట్టిన వేరొక దానికి ఆ పేరు, ఆ నంబరు ఇచ్చేశారు. 1986లో అసలుది దొరికింది. అప్పుడు దానికి చైనా భాషలో వాళ్ల దేశం పేరే పెట్టారు, 3789 జోంగ్‌గువో. జీవితమంతా చైనా ఖగోళశాస్త్రానికి ధారపోసిన అతను అదే ఏడాది కన్నుమూశాడు.

నాసా వారి లూసీ వ్యోమనౌక 2023 నవంబరు 1న ఒక చిన్న గ్రహశకలం పక్కగా వెళ్లింది. ఆ నౌకకు పేరు 1974లో ఇథియోపియాలో దొరికిన ఆదిమ మానవజాతి స్త్రీ అస్థిపంజరం నుంచి వచ్చింది. ఆ అస్థిపంజరాన్ని ఇథియోపియా ప్రజలు తమ అమ్హారిక్ భాషలో డింకినేష్ అంటారు. ‘నువ్వు అద్భుతం’ అని దాని భావం. గ్రహశకలానికి ఆ పేరే పెట్టారు. దాని పక్కన ఒక ఉపగ్రహం కనిపించింది. దానికి సెలాం అని, అంటే శాంతి అని పెట్టారు. అమ్హారిక్ మాటలు రెండు ఇవాళ అంతరిక్ష పటంలో ఉన్నాయి.

హవాయిలో ఇంకా ముందుకు వెళ్లారు. మన పిల్లలకు ఫొటోలు పంపే టెలిస్కోపు ఉన్న ఆ దీవుల్లోనే, హవాయి భాష మాట్లాడే హైస్కూలు విద్యార్థులు, భాషా పండితులు, ఖగోళ శాస్త్రవేత్తలు కలిసి కూర్చుని, అక్కడ కనిపెట్టిన వాటికి పేర్లు ఆలోచించే కార్యక్రమం నడుపుతున్నారు. భూమితో పాటు సూర్యుడి చుట్టూ తిరుగుతూ మన చుట్టూ తిరుగుతున్నట్టు కనిపించే ఒక చిన్న రాయికి వాళ్ల సృష్టి గానంలోని మాటతో కమోవాలెవా అని పెట్టారు. ఊగుతూ కదిలే ఖగోళ ఖండమని దాని భావం. 2025 మేలో చైనా పంపిన తియాన్‌వెన్-2 నౌక ఆ రాతి దగ్గరికే బయలుదేరింది. చైనా నౌక గమ్యం పేరు హవాయి భాషలో ఉంది. ఆ పేరు ఆలోచించినవాళ్లలో హైస్కూలు పిల్లలు ఉన్నారు. బెన్ను అనే గ్రహశకలం పేరు కూడా అంతే. అమెరికాలో తొమ్మిదేళ్ల పిల్లవాడు పోటీలో ఆ పేరు సూచించాడు. ఈజిప్టు పురాణాల్లోని కొంగ పేరు అది. దాని మట్టిని తేవడానికి వెళ్లే నౌక చాచిన చెయ్యి, సౌరఫలకాలు కొంగ మెడలా, రెక్కలా ఉన్నాయని అతనికి తోచింది. 2023లో ఆ బెన్ను మీది మట్టి భూమికి చేరింది.

భూమికి దగ్గరగా వచ్చే గ్రహశకలాలకు పురాణాల నుంచి, జానపద విశ్వాసాల నుంచి పేర్లు పెట్టడం ఆనవాయితీ. 4034 విష్ణు అలాంటిదే. నెప్ట్యూన్ అవతల ఉన్న 20000 వరుణ కూడా మన పురాణాల నుంచి వచ్చిందే. మన గ్రామదేవతల పేర్లు ఎందుకు రాకూడదు? పోలేరమ్మ, మైసమ్మ, ఎల్లమ్మ, పోచమ్మ, గంగమ్మ. ఊరి పొలిమేరలో నిలబడి కాపు కాసే ఈ అమ్మలకు భూమి పొలిమేరలో తిరిగే రాళ్లు తగినవి కావా? సిల్వియా లాగే ఒక గ్రహశకలానికి ఉపగ్రహం ఉందని తేలితే, తల్లికి సమ్మక్క, బిడ్డకు సారలమ్మ అని ఊహించి చూడండి. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. సమ్మక్క, సారలమ్మ కోయ ప్రజల దేవతలు. మేడారం పూజారులను, పెద్దలను అడగకుండా మనం ఆ పేర్లు పంపకూడదు. హవాయి వాళ్ల దగ్గర నేర్చుకోవలసింది కూడా అదే. పేరు ఎవరిదో వాళ్లు ముందు ఒప్పుకోవాలి.

మరికొన్ని పేర్లు నా మనసులో ఉన్నాయి. ఆతుకూరి మొల్ల, కుమ్మరి ఇంట పుట్టి రామాయణాన్ని తెలుగులో పాడిన కవయిత్రి. భీమవరంలో పుట్టి అమెరికాలో ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్ వంటి మందుల వెనుక నిలబడి పనిచేసిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన ఇంటిపేరు రోమన్ లిపిలో పన్నెండు అక్షరాలే. పల్లెల్లో రాత్రి ఆరుబయట పడుకున్న పెద్దవాళ్లు నక్షత్రాల గుంపులకు పెట్టుకున్న పిల్లలకోడి, గొల్లకావడి అన్న పేర్లు. చివరివి నాకు మరీ ఇష్టం. ఏ నక్షత్రశాలా లేని రోజుల్లో ఆకాశాన్ని చూసి మన రైతులు, కాపరులు పెట్టిన పేర్లు అవి. మీ ఊళ్లో ఇంకేమేమి పేర్లు ఉన్నాయో అవ్వలను, తాతలను అడిగి రాసుకోమని పిల్లలకు చెప్పండి. అవి గ్రహశకలాలకు చేరినా చేరకపోయినా, రాసుకోకపోతే పూర్తిగా పోతాయి.

పిల్లలకు మరొక మాట. మీ సొంత పేర్లు పెట్టాలని అనిపించడం సహజం. కనిపెట్టిన వాళ్లు తమ పేరే పెట్టుకోవడం ఈ రంగంలో మర్యాదగా భావించరు. ఇతరులు మీ పేరు పెట్టే రోజు రావచ్చు. కల్పనా చావ్లా పేరు 51826వ గ్రహశకలానికి ఉంది. కొలంబియా నౌకలో ఆమెతో పాటు మరణించిన ఆరుగురి పేర్లు ఆ పక్క నంబర్లకే వరుసగా ఉన్నాయి. ఏడుగురూ గ్రహశకలాల జాబితాలో కూడా పక్కపక్కనే ఉన్నారు. అది పెట్టినవాళ్లు ఆలోచించి పెట్టారు.

ఇప్పటికి నంబరు పడిన గ్రహశకలాలు ఎనిమిది లక్షలు దాటాయి. పేరున్నవి సుమారు పాతిక వేలు. చిలీలో కొత్తగా పని మొదలుపెట్టిన వేరా రూబిన్ నక్షత్రశాల 2025లో చూపించిన మొదటి పరిశీలనల్లోనే, సుమారు పది గంటల పరిశీలనతో, 2,104 కొత్త గ్రహశకలాలను బయటపెట్టింది. రాబోయే ఏళ్లలో లక్షలు వస్తాయి. కనిపెట్టిన ఒక్కొక్కరు రెండు నెలలకు రెండు పేర్లకు మించి పంపవద్దని సంఘం కోరుతుంది కాబట్టి చాలావాటికి పేరే ఉండదు. పెద్ద సర్వేల్లో పనిచేసే శాస్త్రవేత్తలకు మంచి సూచనలు పంపితే పరిశీలించే అవకాశం ఉంటుంది. విదేశాల్లో ఖగోళ శాస్త్రంలో పనిచేస్తున్న తెలుగువాళ్లకు ఈ లేఖ చేరితే, వాళ్లకూ ఇదే నా విన్నపం. విష్ణు రెడ్డి అనే భారతీయుడు 2002లో అమెరికాలోని అరిజోనా నుంచి కనిపెట్టిన గ్రహశకలానికి భరత్ అని పెట్టిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. దాని నంబరు 78118.

ఉపాధ్యాయులారా, మీ బడిలో ఒక నోటు పుస్తకం తెరవండి. ఒక్కో పేజీకి ఒక్కో పేరు. పైన తెలుగులో పేరు, కింద రోమన్ లిపిలో ఎలా రాయాలో, అది ఎన్ని అక్షరాలో. ఆ కింద పలికే తీరు. రాజకీయ నాయకులైతే మరణించిన సంవత్సరం. ఇప్పటికే ఆ పేరుతో గ్రహశకలం ఉందో లేదో చూసిన తేదీ. చివర తెలుగులో నాలుగు వాక్యాలు, వాటికి ఇంగ్లీషు అనువాదం. పేరు ఎంచుకున్న విద్యార్థి సంతకం. ఏటా పదో తరగతి వాళ్లు వెళ్లేటప్పుడు ఆ పుస్తకాన్ని తొమ్మిదో తరగతి వాళ్లకు అప్పగించాలి. నంబరు పడటానికి ఏళ్లు పడుతుంది కాబట్టి, చుక్కను పట్టుకున్న పిల్లలు బడి వదిలి వెళ్లినా పుస్తకం మిగలాలి. వాళ్ల చిరునామాలు కూడా అందులో రాసి ఉంచండి. నంబరు పడిందన్న కబురు వచ్చినప్పుడు వాళ్లను వెతికి పట్టుకుని అడిగే బాధ్యత మీదే.

జిల్లా సైన్స్ అధికారులకు చివరి విన్నపం. ఈ విద్యా సంవత్సరంలో జిల్లా సైన్స్ ప్రదర్శనలో ఒక బల్ల ఈ నోటు పుస్తకాల కోసం కేటాయించండి. ఏ జిల్లా పిల్లలు ఏ పేర్లు రాశారో పక్క జిల్లా పిల్లలు చూడాలి. ఒకే పేరును రెండు జట్లు రాసుంటే వాళ్లే కూర్చుని మాట్లాడుకుంటారు.

ఇట్లు,
మీ తోటి సైన్స్ ఉపాధ్యాయుడు